రెండు నాలుకల మనిషి

మొన్న సాయంత్రం పాలకేంద్రం దగ్గర అందరూ ఒక్క గొంతుతో "మీరెలా అంటే అలాగేనండి" అన్నప్పుడు నాకు భయం వేసింది. ఈ ఊరికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ నా నోటికి జడిసి పక్కకి తప్పుకున్నవాళ్ళున్నారు, ఎదురు చెప్పి నాలుగు మాటలు తిని వెళ్ళినవాళ్ళున్నారు. తలూపినవాళ్ళు మాత్రం లేరు. నీటి సంఘం ప్రెసిడెంటునయ్యాక ఊళ్ళో అందరికీ ఒక్కసారిగా మెడలు మెత్తబడ్డాయి.

విషయం ఏమిటంటే, దివిసీమలో మాది కాలవకి చిట్టచివరి ఊరు. మా పొలాలు దాటితే మడచెట్లు, అవి దాటితే సముద్రం. కాలవ నీళ్ళు పైఊళ్ళన్నీ వాడుకోగా మిగిలితే మాకొస్తాయి. ఈ ఏడు తొలకరి బాగానే పడిందని తొందరపడి నారు పోసుకున్నాం. ఆ తర్వాత వాన మొహం చాటేసింది, కాలవా రాలేదు. నారుమళ్ళు నెర్రెలిస్తున్నాయి. ఇక మాకు దిక్కు ఊరి వెనకాల మురుగు డ్రైను. దానికి ఆయిల్ ఇంజన్లు పెట్టి తోడుకుంటే నారు బతుకుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీళ్ళు ఆ డ్రైన్లోకి ఎగదన్నుతాయి. ఆ నీళ్ళు పెడితే నారు మాడిపోతుంది. మంచినీళ్ళో ఉప్పునీళ్ళో చూస్తే తెలియదు. మీటరు పెట్టి కొలిచే వ్యవసాయ సహాయకురాలికి మూడూళ్ళు, ఆవిడ మా వంతుకి వచ్చేదాకా నారు ఆగదు. అందుకని మా ఊళ్ళో నీటి సంఘం ప్రెసిడెంటు డ్రైను దగ్గరికి వెళ్ళి, చుక్క నోట్లో వేసుకుని, ఉప్పుందో లేదో చెప్పడం ఆనవాయితీ. ఆ మాట మీద ఇంజన్లు తిరుగుతాయి.

"రేపు పొద్దున్నే మీరు చూసి చెప్పండి. పెట్టమంటే పెడతాం, మానమంటే మానతాం," అన్నారు అందరూ.

"ఎవరైనా నాతో వస్తారా?" అని అడిగాను.

"మేమెందుకండీ మధ్యలో? మీ మాట కాదంటామా?" అన్నారు.

అది విన్నాక నేను ఇంటికొచ్చి, గొడ్లచావిట్లో గోనెపట్టా కప్పి ఉంచిన పాత మోపెడ్ దగ్గర నిలబడ్డాను. ఆ బండి మా పాత ప్రెసిడెంటు గారిది. ఆయన ఈ వేసవిలో గుడివాడలో, కూతురింట్లో పోయారు. కర్మ అయ్యాక ఆ అమ్మాయి ఇక్కడి ఇంటికి తాళం వేసి, "ఈ బండి మీ దగ్గరే ఉండనీయండి వదినా, నాన్న వెనక ఎక్కువసార్లు కూర్చుంది మీరేనట కదా" అని తాళం చెవి నా చేతిలో పెట్టి వెళ్ళింది. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. ఆయన వెనక ఎక్కువసార్లు కూర్చోవడం అంటే ఏమిటో పాపం ఆ అమ్మాయికి తెలియదు.

నాకు ఆయన మావయ్య గారు. చుట్టరికం ఏమీ లేదు, ఊరి కోడళ్ళందరికీ ఆయన మావయ్య గారే. పొట్టి మనిషి. పీల గొంతు. మైకు ముందు నిలబడితే దగ్గు తెర అందుకునేది, ఇక మంచినీళ్ళు తాగి దిగిపోయేవారు. ఈ ఎండాకాలం బందరులో మాలాంటి కొత్త ప్రెసిడెంట్లకి శిక్షణ అని పిలిచి, నాయకుడి లక్షణాలు తెర మీద వేసి చూపించారు. గంభీరమైన గొంతు ఉండాలట. చటుక్కున నిర్ణయం తీసుకునే తెగువ ఉండాలట. అందరినీ ఒక్క మాట మీదకి తీసుకొచ్చే నేర్పు ఉండాలట. పాఠం చెప్పినాయన మంచివాడే, పాపం గొంతు పోయేదాకా చెప్పాడు. నేను మాత్రం ఒక్కో లక్షణం దగ్గరా మావయ్య గారిని నిలబెట్టి చూసుకుంటూ కూర్చున్నాను. ఒక్కదాంట్లోనూ ఆయన పాసయ్యేలా లేరు.

ఎవరైనా గోడు చెప్పుకుంటుంటే ఆయన మోపెడ్ తాళం చెవిని చూపుడువేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ వినేవారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది, వింటున్నారో ఆడుకుంటున్నారో తెలిసేది కాదు. తర్వాత అర్థమైంది, చెవి ఆగిందంటే విషయం ఆయనకి ఎక్కిందన్న మాట. చెవి ఆగేది, "చూద్దాం" అనేవారు, లేచి చెప్పులేసుకునేవారు.

ఆ "చూద్దాం" గురించి చెప్పాలి. ఆఫీసుల్లో ఎవరైనా చూద్దాం అన్నారంటే ఇక ఆ పని మీద ఆశ వదులుకుని బస్సెక్కాల్సిందేనని మనందరికీ తెలుసు. ఆయనకి తెలియదు. ఆయన దృష్టిలో చూద్దాం అంటే ఇద్దరం కలిసి వెళ్ళి కళ్ళతో చూద్దాం అని. ఓసారి మా డ్రైను నిండా గుర్రపుడెక్క పేరుకుని నీళ్ళు కదలడం లేదని అర్జీ పట్టుకుని బందరు వెళ్ళాం. ఇంజినీరు గారు కాగితం పక్కన పెట్టి "చూద్దాం లెండి" అన్నారు. మావయ్య గారు వెంటనే లేచారు.

"పదండి సార్. అవనిగడ్డ దాకా బస్సుంది. బస్టాండులో నా బండి పెట్టొచ్చాను, అక్కణ్ణుంచి మీరు నా వెనక కూర్చుందురుగాని."

ఇంజినీరు గారు వేళాకోళం అనుకుని నవ్వారు. ఈయన నవ్వలేదు. చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. గదిలో ఉన్నవాళ్ళు ఆయన వంకా ఇంజినీరు గారి వంకా చూస్తున్నారు. నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి. కాస్సేపటికి ఇంజినీరు గారే, "ఇవాళ కాదు, ఈ వారంలో నేనే వస్తానండీ" అన్నారు. వచ్చారు కూడా. ఈయన జీపుని రోడ్డు మీదే ఆపించి, ఆయన్ని మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని గట్టు వెంట గతుకుల్లో తిప్పి తీసుకొచ్చారు. గుర్రపుడెక్క తీయించారు.

వెనక సీటుకి కూడా ఒక కథ ఉంది. ఆ బండికి ముందు సీటు అరిగి పీచు తేలినా పట్టించుకోలేదు గానీ, వెనక సీటుకి మాత్రం అవనిగడ్డలో చెప్పి మందపాటి మెత్త కుట్టించారు. ఎందుకంటే ఆ సీటు తనని కాదన్నవాళ్ళది. ఏ విషయంలోనైనా ఆయన మాటకి ఎవరు అడ్డం తిరిగితే వాళ్ళనే ఎక్కించుకుని చూడ్డానికి వెళ్ళేవారు. "నన్ను తిట్టేవాడికి నడుం నొప్పి కూడా ఎందుకమ్మాయ్" అనేవారు మెత్త సంగతి ఎత్తితే. ఎన్నికల్లో ఆయన మీద నిలబడి ఓడిపోయినాయన్ని ఫలితాలొచ్చిన మర్నాడే వెనక ఎక్కించుకుని తూములు చూపించడానికి బయల్దేరారు. ఊరంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. ఇష్టమైనవాళ్ళనీ, ఔనన్నవాళ్ళనీ ఎన్నడూ ఎక్కించుకోలేదు.

ఒక్క పొద్దున మాత్రం ఆయన ఒంటరిగా వెళ్ళారు. అప్పటికి నేను వ్యవసాయంలోకి కొత్తగా దిగాను. మా ఆయనకి అవనిగడ్డలో మోటారు సైకిళ్ళ షెడ్డుంది, పొద్దున పోతే రాత్రికి వస్తారు. పొలం నా మెడకి చుట్టుకుంది. అప్పుడూ ఇలాగే కాలవ రాలేదు. నారు ఎండుతోంది. డ్రైను నీళ్ళు పెడదామా అంటే ఊరు ఊరంతా పెడదామంది. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. వెనక సీటుకి మనిషి లేక ఆయన ఒక్కరే వెళ్ళి, నోట్లో చుక్క వేసుకుని చూసి, బాగున్నాయి పెట్టుకోమన్నారు. ఇంజన్లన్నీ తిరిగాయి. నారుమళ్ళు నిండాయని సంబరపడ్డాం.

తర్వాత ఆకు కొసలు తెల్లబడ్డాయి. ఆ తర్వాత మళ్ళకి మళ్ళే పండుటాకు రంగుకి తిరిగాయి. మా నారుమడి గట్టు మీద కూర్చుని నేను ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. మేం విత్తనం కొన్న మొదటి ఏడు అది.

ఆ సాయంత్రం పాలకేంద్రం దగ్గర ఆయన అందరి ముందూ నిలబడ్డారు. ఆ పూట మైకు లేదు కాబట్టి దగ్గు రాలేదు.

"నేను ఆ పొద్దున చద్దన్నంలో ఉప్పుచేప నంజుకుని వెళ్ళాను. నాలుక మీద అప్పటికే ఉప్పుంది. నీళ్ళలో ఉప్పు నాకు తెలియలేదు. తప్పు నాది," అన్నారు.

పెద్దమనిషి, అంతమాట అన్నాక ఇంకేమంటారు? "పోనీలెండి, మన రాత" అని ఒకరిద్దరు గొణిగారు. నేను మాత్రం ఆగలేకపోయాను. పాలక్యాను కింద పడేసి అరిచాను.

"ఒక్క మనిషి నాలుక మీద ఊరి నారంతా పెడతారా? ఇంకో మనిషిని తీసుకెళ్ళడానికి మీకేమైంది?"

ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. మగవాళ్ళు కోడలు పిల్లకి ఇంత నోరా అన్నట్టు చూశారు. ఆయన వేలు మీద తాళం చెవి తిరుగుతోంది. ఆగింది. "ఆ రెండో మాట ఇంకోసారి అనమ్మాయ్," అన్నారు. నేను అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లారేసరికి మోపెడ్ మా గుమ్మం ముందుంది. "ఎక్కు. నారు వెతుక్కుందాం."

పైఊళ్ళలో కాలవ ముందొస్తుంది కాబట్టి ఊడ్పులు ముందే అయిపోతాయి, మళ్ళలో నారు కట్టలు మిగిలిపోతాయి. వాటికోసం చల్లపల్లి దాటి మొవ్వ వైపు ఊరూరూ తిరిగాం. ప్రతి ఊళ్ళోనూ ఆయన టీ కొట్టు దగ్గర బండి ఆపి, పరిచయం లేని రైతుల మధ్య కూర్చుని, మొదట చెప్పే మాట ఒకటే. "నేను ఉప్పుచేప తిని ఊరి నారంతా మాడ్చేసిన ప్రెసిడెంటునండీ." వాళ్ళు పకపకా నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. నవ్వయ్యాక, "మీ మళ్ళల్లో మిగిలిన నారేమన్నా ఉందా బావగారూ" అని అడిగేవారు. లేదన్నవాళ్ళు తక్కువ.

మూడో ఊరు దాటాక నేను ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు మావయ్య గారూ, వెళ్ళినచోటల్లా పరువు తీసుకుంటారు?"

"పరువు ముందే దింపేస్తే ఇక అడగడానికి బరువేముంటుందమ్మాయ్?" అన్నారు.

వచ్చిన నారు అన్ని ఇళ్ళకీ సర్దారు. మా ఇంటికి మంచి కట్టలే వచ్చాయి. ఆయన చేలోకి మిగిలిపోయిన ముదురు నారు వెళ్ళింది. ఆ ఏడు ఆయన చేను పలచగా ఉందని అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా అనలేదు. నోరున్నదాన్నే, అలాంటప్పుడే అది పెగలదు.

ఆ రోజు నుంచీ ఆయన డ్రైను నీళ్ళు చూడ్డానికి పరగడుపున వెళ్ళేవారు. ఒంటరిగా వెళ్ళలేదు. వెనక కూర్చున్నవాళ్ళు ముందు రుచి చూడాలి, ముందు చెప్పాలి. "నేను ముందు చెప్పాననుకో, నీ నాలుకకి నా మాటే తగులుతుంది, నీళ్ళు తగలవు," అనేవారు. అలా ఆయనకి ఊళ్ళో కొత్త పేరొచ్చింది. మామూలుగా ఆ మాట అంటే కొట్లాటలైపోతాయి గానీ, మా ఊళ్ళో మాత్రం ముద్దుగా అనేవారు, "మా ప్రెసిడెంటు రెండు నాలుకల మనిషండీ" అని. ఆయన ఎదుటే అనేవారు. ఆయన రెండో నాలుక ఎక్కువసార్లు నాదే. "నీ నోరు నాకు కావాలమ్మాయ్, పాడుచేసుకోకు" అనేవారు.

ఇదంతా చెప్తే ఆయన చుట్టూ ఎప్పుడూ జనం ఉండేవారనుకుంటారు. ఉండేవారు, కాలవ రానప్పుడు. కాలవ నిండుగా పారిన ఏడు ఆయనింటికి మనిషి వెళ్ళేవాడు కాదు. వసారాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలుండేవి. ఒకటి ఆయనది, ఒకటి వచ్చినవాళ్ళది. నీళ్ళు బాగా వచ్చిన రోజుల్లో నేను పాలు పోసి వస్తూ చూసేదాన్ని, ఆయన తన కుర్చీలో కూర్చుని ఎదుటి కుర్చీ వంక చూస్తూ ఉండేవారు. వేలికి తాళం చెవి ఉండేది. తిరిగేది కాదు.

అత్తయ్య గారు, అంటే ఆయన భార్య, మెత్తటి మనిషి. నేను బండి దిగి మంచినీళ్ళకి లోపలికెళ్తే ఒకసారి నవ్వుతూ అంది. "ఆ వెనక సీటు మెత్తగా ఉంటుందటగా? నన్నెప్పుడూ ఎక్కించుకోలేదమ్మా. నేనెప్పుడూ కాదనలేదుగా మరి."

నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు. కొన్నాళ్ళకి ఆవిడ జ్వరంతో పోయింది. ఆ తర్వాత ఆయన అన్నం తానే వండుకునేవారు. కూతురు గుడివాడ వచ్చేయమంటే, కాలవ వచ్చాక చూద్దాం అనేవారు. ఆ ఒక్క చూద్దాం మాత్రం ఆఫీసువాళ్ళ చూద్దాం లాంటిదే.

ఓ సాయంత్రం నేను ఏ పనీ లేకుండా ఆయనింటికి వెళ్ళాను. ఆయన నన్ను చూసి గబగబా లేచారు.

"ఏమొచ్చిందమ్మాయ్? తూము దగ్గర గొడవా?"

"ఏం లేదు మావయ్య గారూ. ఊరికే వచ్చాను."

"ఊరికే అంటే?"

ఆయనకి ఏం చేయాలో తోచలేదు. కుర్చీ దులిపారు, లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చారు, అందులో చక్కెర మర్చిపోయారు. ఇద్దరం చప్పటి టీ తాగుతూ కూర్చున్నాం. వేలు మీద తాళం చెవి తిరుగుతోంది, నేనేమీ చెప్పడం లేదు కదా, ఆగడానికి దానికి దారి లేదు. టీ అయ్యాక ఆయనే నోరు విప్పారు.

"ఆ పొద్దున మీ అత్తయ్య అడిగిందమ్మాయ్. నీళ్ళు చూడ్డానికి వెళ్తున్నారుగా, ఉప్పుచేప వేయించనా, ఉట్టి పెరుగు వేయనా అని. నేను చేపే వేయించమన్నాను. ఇంకేం అనలేదు, వేయించేసింది. ఆమెకి తెలుసు. నన్ను కాదనడం అలవాటు లేక ఊరుకుంది." చెవి ఆగింది. "ఊరందరి చేతా కాదనిపించుకున్నాను గానీ, ఇంట్లో మనిషికి ఆ ధైర్యం ఇవ్వలేకపోయాను. ఒక్కసారి బండెక్కించుకుని డ్రైను దాకా తీసుకెళ్ళినా పోయేది."

ఈ సంగతి ఆయన ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. తప్పు నాది అన్న మాటలో అత్తయ్య గారి వంతు కూడా ఆయనే మోశారు. ఆ సాయంత్రం ఆయన్ని చూస్తే నాకు చాలా జాలేసింది. అంతమందిని వెంట తిప్పుకున్న మనిషికి ఊరికే వచ్చినవాళ్ళని ఏం చేసుకోవాలో తెలియలేదు.

తర్వాత నేను ఊరికే వెళ్ళడం మానేసి, ఏదో ఒక తగువు పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. వంతులు సరిగ్గా లేవనో, గట్టు తప్పు చోట వేశారనో. నేను కాదంటే ఆయన మొహం విప్పారేది. "చూద్దాం, ఎక్కు" అనేవారు. గట్టు సరైన చోటే ఉందని ఇద్దరికీ తెలుసు. అయినా వెళ్ళి, దిగి, చూసి, వచ్చేవాళ్ళం.

ఆయన మంచాన పడి గుడివాడ వెళ్ళాక ఊరు నన్ను ఏకగ్రీవంగా ప్రెసిడెంటుని చేసింది. ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. మనిషి పరుపులో కలిసిపోయి ఉన్నారు. గొంతు ఇంకా పీలగా అయింది.

"ఊళ్ళో నిన్ను కాదనేవాళ్ళెవరమ్మాయ్?" అని అడిగారు.

సంతోషిస్తారనుకుని చెప్పాను. "ఎవరూ లేరు మావయ్య గారూ. అందరూ ఒక్క మాట మీదున్నారు."

ఆయన మొహం పాలిపోయింది. "అయ్యో," అన్నారు. దుప్పటి మీద చూపుడువేలు కదిలింది, దానికి తాళం చెవి లేదు. "అయితే జాగ్రత్తమ్మా," అన్నారు. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు.

మొన్న రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మా ఆయన్ని లేపి, "రేపు నాతో డ్రైను దాకా వస్తారా" అంటే, "నీకు తెలియందా" అని అటు తిరిగి పడుకున్నారు. నేను ప్రెసిడెంటు కాకముందు ఆయన కూడా నాతో బాగా పోట్లాడేవారు.

నిన్న పొద్దున పాలకేంద్రం దగ్గరికి మోపెడ్ నడిపించుకుంటూ వెళ్ళాను. ఊరంతా అక్కడే ఉంది, ఇంజన్లకి డీజిలు కూడా పోసుకుని సిద్ధంగా ఉన్నారు. ఒక్కరి మొహంలోనూ సందేహం లేదు. నాకు వాళ్ళని చూస్తే కోపం వచ్చింది. అప్పుడు ఏదో తోచి ఒక అబద్ధం ఆడాను.

"నేను పొద్దున్నే ఉప్పుచేప తిన్నాను," అన్నాను.

అందరూ బిగుసుకుపోయారు. ఆ మాట మా ఊళ్ళో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళు తలలు దించుకున్నారు. కాదని ఎవరంటారా అని నేను మొహాలన్నీ వెతుకుతున్నాను. అప్పుడు పాలు కొలిచే నాగమణి, మా పక్కింటి అమ్మాయి, చేతిలో కొలత గ్లాసు పక్కన పెట్టింది. నెమ్మదిగా ఉంటుంది, నా ముందు ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

"కాదండీ," అంది.

"ఏంటి కాదు?"

"మీరు అబద్ధం చెప్తున్నారండీ. ఉప్పుచేప వేయిస్తే గోడ ఇవతల నాకు తెలియదా? అసలు పొద్దున్నుంచీ మీ పొయ్యి వెలిగించలేదు."

నాకు ఆ పిల్లని పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. "చూద్దాం," అన్నాను. "బండెక్కు."

"నేనా అండీ? నాకేం తెలుసండీ?"

"కాదన్నావుగా. ఎక్కు."

నాగమణి చీర సర్దుకుని వెనక కూర్చుంది. బండి వెనక బరువు పడగానే నాకు ఏదో అయింది. ఇన్నేళ్ళూ నేను ఆ వెనక సీట్లోంచి ఆయన చొక్కా వీపు చూశాను. ముందు కూర్చుంటే ఎదురుగా ఎవరూ ఉండరని నాకు అప్పటిదాకా తెలియదు. గట్టు ఎక్కేసరికి కళ్ళు నిండిపోయాయి. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి, తుడుచుకోవడానికి లేదు. డ్రైను దాకా అలాగే వెళ్ళాను.

దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని చూశాను. చప్పగా ఉన్నాయి. మంచినీళ్ళే. ఊరికి ఫోన్ చేసి ఇంజన్లు వేయమనాలని ఎంత తొందర పుట్టిందో. కానీ ముందు చెప్పాల్సింది నేను కాదు. నాగమణి కూడా నోట్లో పోసుకుని, ఉమ్మేసి, నా వంక చూసింది.

"మీకెలా ఉన్నాయండీ?"

"ముందు నువ్వు చెప్పు."

"మీరు చెప్పాక..."

"నేను చెప్పను. నువ్వు చెప్పు."

చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఉప్పండీ," అంది. "కొద్దిగానే, కానీ ఉప్పే."

నేను మళ్ళీ దోసిలి పట్టాను. మళ్ళీ చప్పగానే ఉన్నాయి. "నాకేం తెలియడం లేదే నాగమణీ."

ఆ పిల్ల దగ్గరికొచ్చి నా మొహంలోకి చూసింది. "ఎలా తెలుస్తుందండీ?" అంది మెల్లిగా. "దారి పొడుగునా ఏడుస్తూనే వచ్చారుగా. కన్నీళ్ళన్నీ నోట్లోకే దిగాయి."

పెదాలు తడిమి చూసుకున్నాను. నిజమే. నేను ఒక్కదాన్నే వచ్చి ఉంటే ఈపాటికి ఊరి నారంతా మాడిపోయే పని మొదలయ్యేది. ఆ మురుగు గట్టు మీద కూలబడి, ఇక దాచుకోకుండా గట్టిగా ఏడ్చాను. నాగమణి నా పక్కన కూర్చుంది, ఊరుకోమనలేదు. తర్వాత తనే పాలకేంద్రానికి ఫోన్ చేసి, ఇంజన్లు వేయొద్దనీ, పోటు దిగి పాటు వచ్చాక మళ్ళీ చూస్తామనీ చెప్పింది. అవతల ఎవరో ఎందుకని గట్టిగా అడిగారు. "ఎందుకేంటండీ, ఉప్పు గనక!" అని నాగమణి అరిచింది. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఊరు దగ్గరపడుతుండగా నాగమణి వెనకనుంచి అడిగింది.

"నన్ను మళ్ళీ ఎప్పుడైనా ఎక్కించుకుంటారా అండీ?"

"నువ్వు కాదన్నప్పుడల్లా."

తాళం వేసిన మావయ్య గారి ఇల్లు వచ్చింది. వసారాలో రెండు కుర్చీలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. అప్పుడు నాగమణి మళ్ళీ అడిగింది.

"మరి ఊరికేనో అండీ?"

బండి ఆపాను. "ఊరికే కూడా రా నాగమణీ," అన్నాను. "సాయంత్రం రా. టీ పెడతాను."